భూమి చుట్టుకొలత – మన గొలుసు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రిటైరయ్యాక నేను ఇష్టంగా చదువుకున్న ఒక సంగతి మనవి చేస్తాను: ఇంత పెద్ద భూమి చుట్టుకొలత మనిషికి ఎలా తెలిసింది?

భూమి చుట్టూ టేపు పట్టినవాడెవడూ లేడు. క్రీ.పూ. మూడవ శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చిన్న ముక్క కొలిచి మొత్తం తేల్చాడు. దక్షిణాన సైయీన్ ఊళ్లో, ఏడాదిలో పగలు బాగా ఎక్కువుండే రోజున, మిట్టమధ్యాహ్నం నీడ పడదు. అదే వేళకు అలెగ్జాండ్రియాలో నీడ చూపిన కోణం వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు. 50తో హెచ్చవేస్తే రెండున్నర లక్షలు. కాని ఆయన స్టేడియం ఎన్ని అడుగులో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. జవాబు మిగిలింది, కొలబద్ద పోయింది.

మన ఆర్యభటుడు 499 ప్రాంతంలో వృత్తానికి లెక్క చెప్పాడు. 100కు 4 కలిపి, 8తో హెచ్చవేసి, 62,000 కలిపితే 20,000 వ్యాసం గల వృత్తపు పరిధి వస్తుంది. అంటే 62,832. అసలు విలువకు ఆరోవంతు కూడా తేడా లేదు. అయినా ఆయన దానిని ‘ఆసన్నం’ అన్నాడు, అంటే దగ్గరి విలువ అని. భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. ఆ యోజనం ఎంతో మళ్లీ తగవే.

ఈ తగవు రాకుండా జాగ్రత్తపడినవాడు లాంబ్టన్ దొర. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఏడున్నర మైళ్ల రేఖ కొలిచాడు. గొలుసును డేరాల నీడలో పరిచి, ఎండకు ఉక్కు ఎంత సాగిందో ఉష్ణమాపకంతో లెక్క కట్టించాడు. రెండో గొలుసును వాడకుండా, మొదటిదాన్ని సరిచూడటానికే దాచాడు. ఆ రేఖ మీద త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్లి, 1815లో నిజాం రాజ్యంలోని బీదరు దగ్గర మరో రేఖ కొలిచి సరిచూశారు. ఒక డిగ్రీకి ఎంత దూరమో తేలితే 360 డిగ్రీల లెక్క దానంతటదే వస్తుంది. కాకపోతే భూమి పూర్తి గుండ్రం కాదు. నేటి లెక్కన భూమధ్యరేఖ మీద 40,075 కిలోమీటర్లు, ధ్రువాల మీదుగా 40,008.

ఆ రెండో గొలుసు సంగతి చదివినప్పుడు నాకు మా తాలూకా కచేరీ గుర్తొచ్చింది. 1970లలో గుమాస్తాగా కొత్త. ఒక ముసలి రైతు తన ఐదెకరాలు కొత్త కొలతలో నాలుగు ఎకరాల తొంభై సెంట్లకు దిగిందని అర్జీ తెచ్చాడు. “రికార్డు ప్రకారం అంతే, తాతా” అని రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి ఆయన, “నా పొలం తగ్గలేదు బాబూ, మీ గొలుసు పెరిగిందేమో చూడండి” అన్నాడు. గొలుసును ఆవరణలోని కొలత రాళ్ల మధ్య పరిస్తే, వంద లింకులకు ఒక లింకు సాగి ఉంది. పొడవున నూటికి ఒకటి, వెడల్పున నూటికి ఒకటి. వెరసి ఎకరానికి రెండు సెంట్లు. ఐదెకరాలకు పది.

ఆ పది సెంట్లూ ఎర్ర సిరాతో నా చేత్తోనే తిరిగి వ్రాశాను. అదే గొలుసుతో అంతకుముందు కొలిచిన పొలాల రైతులు ఎవరూ అర్జీ పెట్టలేదు. వాటిని మళ్లీ కొలవాలని నేనూ నోటు పెట్టలేదు.