జర్మనీ ఫుట్‌బాల్ నిచ్చెన - లైప్జిగ్‌లో తెలిసిన కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, తంతి ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేసినవాడికి చరిత్ర ఏమి తెలుస్తుందని తప్పుకోబోయాను. అయితే 2025లో మా అమ్మాయి దగ్గర జర్మనీలోని లైప్జిగ్‌లో మూడు నెలలు ఉన్నప్పుడు విన్న కథ ఒకటి గుర్తుకు వచ్చింది. అందులో ఒక టెలిగ్రాం కూడా ఉన్నది కనుక మన మిత్రులు ఓపికగా చదువుతారని ధైర్యం చేశాను.

మా అమ్మాయి ఇంటి కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన మెడలో ఎప్పుడూ నీలం, పసుపు రంగుల కండువా. అది లోకోమోటివ్ లైప్జిగ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుది. ఆయన జర్మన్‌లో చెప్పడం, మా అమ్మాయి తెలుగు చేయడం, నేను తలూపడం. సాయంత్రాలు అలా గడిచాయి.

జర్మనీ ఫుట్‌బాల్ సమాఖ్య 1900 జనవరిలో లైప్జిగ్‌లోనే పుట్టింది. దేశమంతటికీ ఒకే లీగు అప్పట్లో లేదు. ఏ ప్రాంతం సంఘం ఆ ప్రాంతంలో పోటీలు పెట్టుకొనేది. ప్రాంతీయ విజేతలు చివర తలపడితే గెలిచినవారు జాతీయ ఛాంపియన్. మొదటిసారి ఇది 1903లో జరిగింది. సెమీఫైనలుకు రావలసిన కార్ల్స్‌రూహె జట్టుకు, మ్యాచ్ వాయిదా పడిందని సమాఖ్య పేరుతో ఒక టెలిగ్రాం అందింది. వారు బయలుదేరలేదు. తీరా చూస్తే అది దొంగ టెలిగ్రాం! ఆడకుండానే ప్రాగ్ నగరపు జర్మన్ క్లబ్బు ఫైనలుకు వెళ్లింది. ఆల్టోనాలో జరిగిన ఆ ఫైనలులో లైప్జిగ్ క్లబ్బు 7-2తో గెలిచి జర్మనీ తొలి ఛాంపియన్ అయింది. ఫారం నింపి డబ్బు కట్టినవాడి మాట నిజమా అబద్ధమా అని మన కౌంటర్లలోనూ ఎవరం అడిగాం కనుక? ఆ టెలిగ్రాం ఇచ్చినవాడు ఎవరో నేటికీ తేలలేదు.

ఇంగ్లండులో 1888లోనే జాతీయ లీగు ఉండగా జర్మనీ 1963 దాకా ఆగింది. 1933లో నాజీలు పాత సంఘాలను తీసివేసి పదహారు ‘గౌలిగా’లు పెట్టారు. యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీలో ఐదు ‘ఓబర్‌లిగా’లు నడిచాయి. చివరకు 1962 జూలైలో డార్ట్‌మండ్ సమావేశంలో 103 ఓట్లకు 26 ఓట్లతో ‘బుండెస్‌లిగా’కు తీర్మానమయింది. అందులోని పదహారు స్థానాలను కూడా ప్రాంతాలవారీగానే పంచారు: దక్షిణానికి 5, పశ్చిమానికి 5, ఉత్తరానికి 3, నైరుతికి 2, బెర్లిన్‌కు 1. మ్యూనిక్ నుంచి 1860 క్లబ్బును తీసుకున్నందున నేడు జగత్ప్రసిద్ధమైన బయర్న్ మ్యూనిక్ రెండేళ్లు బయట నిలబడింది. 1965లో లెక్కల అవకతవకలపై హెర్తా బెర్లిన్‌ను తొలగించినప్పుడు, బెర్లిన్ జట్టు లేకపోతే రాజకీయంగా బాగుండదని టాస్మానియా అనే చిన్న జట్టును ఎక్కించారు. పాపం, 34 మ్యాచీలలో రెండే గెలిచి, 108 గోలులు ఇచ్చుకొని దిగిపోయింది.

పేర్ల సంగతి ఇంకా తమాషా. ప్రాంతీయ లీగు అనే అర్థం వచ్చే ‘రెగియోనాల్‌లిగా’ 1963లో రెండవ మెట్టు. 1974లో దానిని ఎత్తివేశారు. 1994లో మూడవ మెట్టుగా మళ్లీ పెట్టారు. 2008లో దానికి పైన జాతీయ మూడవ లీగు రావడంతో నాలుగవ మెట్టుకు జారింది. ఒకప్పుడు అన్నిటికంటే పైనున్న ఓబర్‌లిగా నేడు ఐదవది. హోదా పేరు అదే, కుర్చీ మాత్రం వెనక్కి!

లైప్జిగ్ తూర్పు జర్మనీలో ఉండిపోయింది కనుక అక్కడి లీగు వేరు. ఈ లోకోమోటివ్ 1987లో ఏథెన్స్‌లో యూరోపియన్ కప్పుల విజేతల ఫైనలు దాకా వెళ్లి, అజాక్స్ చేతిలో 0-1తో ఓడింది. దేశం ఏకమయ్యాక పాత వి.ఎఫ్.బి. పేరు పెట్టుకొని 1993-94లో ఒక్క ఏడాది బుండెస్‌లిగాలో ఆడింది. 2004లో దివాలా తీసింది. లోకోమోటివ్ పేరుతో అభిమానులు పదకొండవ మెట్టు నుంచి మొదలుపెట్టారు. అంత కిందిస్థాయిలో ఒక మ్యాచికి పన్నెండు వేల మందికి పైగా వచ్చారని చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు మారింది.

అలా నాలుగవ మెట్టుకు చేరారు. ముడి అక్కడే ఉన్నది. 2012 నుంచి రెగియోనాల్‌లిగాలు ఐదు: ఉత్తరం, ఈశాన్యం, పశ్చిమం, నైరుతి, బవేరియా. మూడవ లీగుకు వెళ్లేది నలుగురే. క్లబ్బులు ఎక్కువగా ఉన్న పశ్చిమ, నైరుతి విజేతలు నేరుగా వెళ్తారు. మిగిలిన మూడింటిలో ఒకరికి వంతుల ప్రకారం నేరుగా అవకాశం. మిగతా ఇద్దరు ప్లేఆఫ్‌లో ఇంటా బయటా రెండు మ్యాచీలు ఆడాలి. లోకోమోటివ్ 2020లో ఈశాన్య విజేత. వేర్ల్ జట్టుతో 2-2, 1-1 అయి, పరాయి మైదానం గోలుల లెక్కన ఆగిపోయింది. 2025లో మళ్లీ విజేత. ఉత్తర విజేత హావెల్సెతో మొదటి మ్యాచ్ 1-1. రెండవది లైప్జిగ్‌లోనే; అదనపు సమయంలో 0-3. ఆ ఏడు బవేరియా వంతు కావడంతో ష్వైన్‌ఫుర్ట్ ప్లేఆఫ్ లేకుండానే వెళ్లింది.

ఆ రాత్రి నాకు నా సంగతే గుర్తుకొచ్చింది. డిపార్ట్‌మెంటు పరీక్షలో మా డివిజన్‌లో మొదటివాణ్ని. ఖాళీ మాత్రం పక్క డివిజన్‌లో. నాకంటే తక్కువ మార్కుల మిత్రుడు మూడేళ్లు ముందు పైకి వెళ్లాడు. ఆయన తప్పు లేదు, రూలు అది.

ఇక్కడా అంతే. విజేత పైకి వెళ్లి తీరాలని 2025లో క్లబ్బులు గట్టిగా అడగసాగాయి. ఐదుగురు ఎక్కాలంటే ఇరవై జట్ల మూడవ లీగు నుంచి ఐదుగురు దిగాలి. పైనున్నవారికి అది ఇష్టం ఉండదు. లేదా ఐదు లీగులను నాలుగు చేయాలి. అప్పుడు తమ ప్రాంతాన్నే ముక్కలు చేస్తారని ఈశాన్యంవారి భయం. నా మటుకు మొదటిదే న్యాయం. ఏడాదంతా గెలిచినవాణ్ని రెండు మ్యాచీలతో ఆపడం కంటే, పైన అట్టడుగున ఉన్నవాణ్ని దించడం మేలు.

మరునాడు పెద్దాయన కండువా ఉతికి ఆరవేస్తూ కనిపించారు. ఓదార్పుగా ఏమనాలో తోచక నిలబడ్డాను. ఆయనే వేళ్ల మీద లెక్క వేసి, “వచ్చే సీజనులో నేరుగా వెళ్లే వంతు ఉత్తరానిది” అన్నారు.