మద్రాసు హెరాల్డు కారు – కోయిలకుంట్ల షెడ్డు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కోయిలకుంట్ల చరిత్ర అనగానే అందరూ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి సంగతే రాస్తారు. 1846 జూలైలో ఇక్కడి ఖజానా మీద దాడి జరగటానికి ముందు, నెలకు పదకొండు రూపాయల చిల్లర తవర్జీ గొడవ ఒకటి నడిచిందన్న విషయం పింఛనుదారులమైన మనకు వేరే చెప్పనవసరం లేదు. ట్రెజరీలో ఇన్నేళ్లు పనిచేసినా ఆ తాసీల్దారు తరఫున నేను వాదించబోను. ఈసారి ఆ కథను పక్కన పెట్టి, మనలో చాలామంది చూసిన, కొద్దిమంది ఎక్కిన ఒక కారు చరిత్ర రాస్తున్నాను.

ఉద్యోగాల్లో ఉండగా మనకు బాగా తెలిసినవి జీపు, అంబాసిడరు. వాటితో పాటు, డాక్టరు గారి ఇంటి ముందో ప్లీడరు గారి వాకిట్లోనో రెండు తలుపుల చిన్న కారు ఒకటి కనిపించేది. వెనక సన్నటి రెక్కల్లాంటి అంచులు, ముందు రెప్పలు వేసినట్టుండే దీపాలు. అదే స్టాండర్డు హెరాల్డు. 1961 నుంచి సుమారు పదేళ్లపాటు మద్రాసు శివారులో వండలూరు దగ్గర తయారైంది. ఇప్పటికీ అక్కడక్కడా పాత ఇళ్ల షెడ్లలో గోతాల కింద పడి ఉంది. ఆ కారును ఇంటి దగ్గరే విప్పి మళ్లీ నడిచేటట్టు చేసుకోవచ్చు. ఎందుకు చేసుకోవచ్చునో దాని పుట్టుకలోనే ఉంది కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

మన దేశంలో 1926లో ఫోర్డు వారు, 1928లో జనరల్ మోటార్సు వారు కార్లు బిగించటం మొదలుపెట్టారు. బిగించటమే తప్ప తయారీ లేదు. భాగాలన్నీ ఓడల మీద పెట్టెల్లో వచ్చేవి. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మీద, భాగాలు ఇక్కడే తయారుచేసే కార్యక్రమం ఉన్నవారికే అనుమతి అని ప్రభుత్వం నిర్ణయించింది. మరుసటి ఏటికల్లా ఆ రెండు కంపెనీలూ సర్దుకుని వెళ్లిపోయాయి. కార్ల రంగంలో ప్రధానంగా మిగిలినవారు ముగ్గురు: కలకత్తాలో హిందుస్తాన్ మోటార్సు, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో 1948లో ఏర్పడిన స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు. తర్వాత కారు కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఎలా ఉండేదో ఈ సంచిక చదివేవారికి అనుభవమే.

1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. అయినా మన జిల్లా వారికి చదువుకూ వైద్యానికీ పెళ్లి బట్టలకూ మద్రాసు దారి ఒక్కసారిగా మూసుకుపోలేదు. కారు కొనాలన్నా అంతే. బొంబాయి ఫియట్ కంటే మద్రాసు స్టాండర్డు మనకు చుట్టరికంలా ఉండేది. పైగా విడి భాగాలు దగ్గర. విద్యుత్ పరికరాలు చేసే లూకాస్-టీవీఎస్ కూడా హెరాల్డు వచ్చిన 1961లోనే మద్రాసులో మొదలైంది.

ఇక హెరాల్డు జన్మస్థలం ఇంగ్లండులోని కవెంట్రీ. అక్కడి స్టాండర్డు-ట్రయంఫ్ కంపెనీకి 1950ల మధ్యలో పెద్ద చిక్కు వచ్చింది. కారు పైభాగాలు ఒకే ముక్కగా అచ్చుపోసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని 1953లో పోటీదారు కొనేసింది. పైభాగం చేసిపెట్టేవారు లేరు. అప్పుడు వారి ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ పాత పద్ధతికే వెళ్లారు: కింద ఉక్కు చాసిస్ విడిగా, పైన తలా ఒకచోట చేయించిన ముక్కలు, వాటిని బోల్టులతో బిగించటం. రూపం గీసినది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొత్తి. 1958లో నమూనా కార్లను ఆఫ్రికా ఖండం ఒక కొస నుంచి మరో కొసకు, కేప్‌టౌన్ నుంచి టాంజీర్ దాకా నడిపి పరీక్షించారు. 1959లో అమ్మకానికి పెట్టారు.

అప్పటికి లోకమంతా చాసిస్ లేని ఒకే ముక్క కార్ల వైపు పోతోంది. హెరాల్డు వెనకబడిన కారని ఆనాడే అన్నవారున్నారు. గతిలేక చేసిన ఆ బోల్టుల పనే అరవై ఏళ్ల తర్వాత మన పాలిట వరమైంది. ముందు బానెట్, మధ్య భాగం, వెనక భాగం, పైకప్పు, డిక్కీ మూత, దేనికదే విప్పవచ్చు. తుప్పు పట్టిన ముక్కనే తీసి టింకరు దగ్గరకు సైకిలు మీద పంపవచ్చు. అంబాసిడరుతో ఈ ఆటలు సాగవు.

మరో సంగతి మన పిల్లలకు చెబితే నమ్మరు. 1962లో అదే కంపెనీ అదే హెరాల్డు చాసిస్‌ను కుదించి, ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని 91½ అంగుళాల నుంచి 83 అంగుళాలకు తగ్గించి, పైకప్పు తెరుచుకునే ఇద్దరు కూర్చునే స్పోర్ట్సు కారు చేసింది. దాని పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇంజను కూడా ఆ కుటుంబానిదే. 1953లో స్టాండర్డు ఎయిట్‌లో 803 సీసీగా పుట్టి, హెరాల్డులో 948 అయి, స్పిట్‌ఫైర్‌లో 1147కు పెరిగింది. 1980 దాకా మూడు లక్షలకు పైగా స్పిట్‌ఫైర్‌లు అమ్ముడయ్యాయి. అంటే మన డాక్టరు గారు కాంపౌండరును పక్కన కూర్చోబెట్టుకుని పల్లెల్లో తిప్పింది ఒక స్పోర్ట్సు కారుకు సొంత అన్ననే. స్పిట్‌ఫైర్ పేరు రెండవ ప్రపంచ యుద్ధంలోని విమానానిది. ఆ విమానాలు నడిపిన బ్రిటిషు దళాల్లో 152వ దానికి, నిజాం ఇచ్చిన విరాళం కారణంగా, హైదరాబాదు పేరు ఉండేది.

మన దగ్గర స్పిట్‌ఫైర్ తయారుకాలేదు. హెరాల్డుకే తర్వాత నాలుగు తలుపులు పెట్టారు. ఇంగ్లండులో నాలుగు తలుపుల హెరాల్డు లేనే లేదు, అది అచ్చంగా మద్రాసు సరుకు. 1972లో దాని స్థానంలో గజెల్ వచ్చి 1977 వరకు నడిచింది. 1985లో స్టాండర్డు 2000 అనే ఖరీదైన కారు తెచ్చారు గాని అప్పటికి మారుతి వచ్చేసింది. 1980ల చివరికి ఫ్యాక్టరీ మూతపడింది.

ఇక మన షెడ్డు సంగతి. ఇంజనీరింగు శాఖలో రిటైరైన మిత్రుడొకరి తండ్రి గారి రెండు తలుపుల హెరాల్డు చాలా కాలం కదలకుండా ఉండిపోయింది. పదవీ విరమణ తర్వాత మేమిద్దరం దానిని పట్టుకున్నాం. తెరిచి చూస్తే అనుకున్నంత తుప్పు లేదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చాసిస్ పక్క చేతులు తినేసి ఉంటాయి. మా దాంట్లో డిక్కీ అడుగున అరచేతి మేర పోయిందంతే. ఎండ మాత్రం తన పని తాను చేసింది. రబ్బరన్నది అప్పడంలా విరిగింది. వైర్లను ఎలుకలు చూసుకున్నాయి.

షెడ్డులో నేల గురించి ఒక మాట. రేగడి నేల మీద జాకీ పెడితే దిగబడుతుంది, కారు కింద మనిషి ఉండగా అది ప్రాణాంతకం. మనకు బండలకు కొరత లేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక సున్నపురాతి పొరకు కోయిలకుంట్ల పేరే పెట్టారు మరి. ముందు నాపరాళ్లు సమంగా పరిపించి, ఆ తర్వాతే కారు లేపాం. జాకీతో పాటు దిమ్మెలు కూడా పెట్టాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు.

చాలాకాలం ఆగిన ఇంజనుకు వెంటనే బ్యాటరీ కలిపి సెల్ఫు కొట్టకూడదు. ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరులో నాలుగు చెంచాల నూనె పోసి వారం రోజులు వదిలేశాం. తర్వాత టాప్ గేరులో పెట్టి కారును అంగుళం అంగుళం ముందుకు తోస్తే ఇంజను కదిలింది. పెట్రోలు ట్యాంకు దించి చూస్తే లోపల పాత పెట్రోలు లక్కలా గడ్డకట్టి ఉంది. రేడియేటరుకు మన బోరు నీళ్లు పోసి పోసి లోపల సున్నం పేరుకుంది. శుభ్రం చేయించాక వాన నీళ్లు పట్టి ఉంచుకుని అవే పోస్తున్నాం.

ఈ కారు బానెట్ దీపాలతో సహా మొత్తం ముందుకు వాలుతుంది. ముందు టైరు మీదే కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మోకాళ్ల నొప్పుల వయసులో ఇది ఎంత సుఖమో చెప్పలేను. టాపెట్ల సందు ఇంజను చల్లగా ఉండగా అంగుళంలో వెయ్యింట పది వంతులు, పాయింట్ల సందు పదిహేను వంతులు. ఒక ఫీలర్ గేజి, ఓపిక, ఉదయపు వెలుతురు ఉంటే చాలు.

బ్రేకులను మాత్రం ఓపికతో సరిపెట్టకూడదు. ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే నూనె మార్గం. ఎక్కడ ఒక గొట్టం కారినా మొత్తం బ్రేకు పోతుంది. రబ్బర్లన్నీ కొత్తవి వేసి, రెండేళ్లకోసారి నూనె మార్చాలి. వెనక చక్రాల అమరిక కూడా వేరు. వేగంగా మలుపు తిరుగుతూ యాక్సిలరేటరు ఒక్కసారి వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. ఇంటికి వచ్చిన కుర్రాళ్లకు తాళాలు ఇచ్చే ముందు ఈ మాట చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందు చక్రాల కింది కీలు. దాన్ని ట్రనియన్ అంటారు. నిలువు ఉక్కు కడ్డీకి మరలు ఉంటాయి, ఆ మరలు కంచు దిమ్మెలో తిరుగుతాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా అది మరమేకులా కదులుతుంది. దానికి గ్రీజు పెట్టకూడదు. 90 నంబరు గేరు నూనె పోయాలి. గ్రీజు గడ్డకట్టి కింది మరల దాకా చేరదు, నీరు చేరి తుప్పు పడుతుంది, చివరకు కడ్డీ అక్కడే విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. మేము ఒక పట్నపు వర్కుషాపులో కారు చూపించినప్పుడు, మా మాట వినకుండా అక్కడ గ్రీజు గన్నుతో నింపి పంపారు. రెండు నెలలకు ఇంటి వాకిట్లో నెమ్మదిగా వెనక్కి తీస్తుండగా ఎడమ చక్రం ఒరిగిపోయింది. నంద్యాల రోడ్డు మీద అయి ఉంటే ఈ వ్యాసం వేరొకరు రాసేవారు. కొత్త కీళ్లు ఇంగ్లండు నుంచి తెప్పించాం. స్పిట్‌ఫైర్ అభిమానులు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు కనుక, ఇద్దరికీ ఉమ్మడి అయిన భాగాలు ఇంకా తయారవుతున్నాయి. చిన్నాచితకా వాటికి మద్రాసు పుదుప్పేట, జనరల్ ప్యాటర్సు రోడ్డు తిరగవలసిందే. ఓపికగా అడిగితే దొరుకుతాయి.

పెట్రోలు విషయంలో రెండు మార్పులు గుర్తుంచుకోవాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత ఇంజన్లలో ఆ సీసమే వాల్వు కూర్చునే చోటును కాపాడేది. ఇప్పుడు అది అరుగుతుంది, టాపెట్ల సందు తగ్గిపోతుంది. కాబట్టి సందు తరచుగా చూసుకోవాలి. హెడ్డు దించిన రోజున గట్టి సీట్లు వేయించుకుంటే మంచిది. రెండవది, 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపులోని పొర ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయాలి. వేడి ఇంజను మీద కారే పెట్రోలుతో చెలగాటం వద్దు.

ఇక కాగితాల సంగతి, మన శాఖల వారికి ఇష్టమైన భాగం. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయింది. మనం తిరిగిన ఆఫీసు జీపులు అలా తుక్కుకు పోయాయి. సొంత కార్లకు అలా లేదు. పదిహేనేళ్లు దాటాక తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవచ్చు. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025లో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 అయింది. వేరే దారి కూడా ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు నిండి అసలు రూపంలో ఉన్న వాహనానికి 20,000 రూపాయలతో పదేళ్లకు ప్రత్యేక నంబరు ఇస్తారు. కాని ఆ నంబరుతో రోజువారీగా రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే.

హెరాల్డులన్నీ ఇప్పుడు యాభై దాటాయి. మా మిత్రుడు వింటేజి నంబరే గౌరవమంటాడు. నా అభిప్రాయం వేరు. నిలబెట్టిన కారుకు మళ్లీ బ్రేకులు పట్టేస్తాయి, రబ్బర్లు ఎండుతాయి, ఎలుకలు తిరిగి వస్తాయి. మనవరాలిని బనగానపల్లెకు తీసుకుపోవటానికి పనికిరాని కారుకు నంబరు ఎంత అందంగా ఉంటే ఏం లాభం? ప్రస్తుతానికి నా మాటే నెగ్గింది. మామూలు రిజిస్ట్రేషనే పొడిగించాం. తనిఖీలో అధికారి బానెట్ మొత్తం లేచిందని ముచ్చటపడి తోటి సిబ్బందిని పిలిచి చూపించారు. ఆ తర్వాత చేతిబ్రేకు బిగువు చాలదని వెనక్కి పంపారు. వారం తర్వాత మళ్లీ వెళ్లి పాసు చేయించుకున్నాం.

మన సభ్యుల ఇళ్లలో హెరాల్డు పాత హ్యాండుబుక్కు గాని, వైరింగు పటం గాని, వండలూరు కంపెనీ వారి రసీదులు గాని ఉంటే అసోసియేషన్ కార్యాలయంలో ఇవ్వగలరు. జిరాక్సు తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాము.