మెట్ట పల్లెల్లో మంచం

కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం మెట్ట పల్లెల్లో ఇంటి సామాను చాలాకాలం కొద్దిగానే ఉండేది. ఒకటో రెండో నులక మంచాలు, కూర్చోడానికి పీటలు, పరుచుకోడానికి ఈతచాపలు, కలిగినవారింట ఒక భోషాణం. దీన్ని పేదరికంగా మాత్రమే చూడటం సరికాదు. తిండి నేల మీద, వేసవి పడక వాకిట్లో అయినప్పుడు కుర్చీ, బల్లలతో పనేముంది? మంచం ఒక్కటే ముఖ్యం. అది కూడా ఒక మనిషి ఎత్తగలిగేంత తేలికగా ఉండాలి, పగలు గోడకు నిలబెట్టగలగాలి.

దానికి కర్ర పొలం గట్టు మీదే దొరికేది. చేదు వల్ల వేపకు పురుగు తొందరగా పట్టదు. తుమ్మ గట్టిది, నాగళ్లకూ బండి చక్రాలకూ పేరుపడింది. చింత మొద్దు గానుగలకు, రోకళ్లకు పనికొచ్చేది. మామిడి మెత్తన, పెట్టెలకూ పలకలకూ వాడేవారు. ఈ చెట్లను ఎవరూ కలప కోసం పెంచలేదు. నీడకో, కాయకో, మేకల మేతకో పెరిగి, ముదిరాకనో గాలికి కూలాకనో వడ్రంగి చేతికి వచ్చేవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండల మీద రిజర్వు హద్దులు గీశాక గట్టు చెట్టు విలువ ఇంకా పెరిగింది.

నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు: మంచమంటే అంతే. పట్టె చివరను సన్నగా చెక్కి కోడు బెజ్జంలో దిగగొడితే మేకు, జిగురు అక్కర్లేదు. నులక బిగువే చట్రాన్ని పట్టి ఉంచుతుంది. నులకకు జనుము నార, కిత్తనార, కొబ్బరి పీచు వాడేవారు. జనుము కాడలను నీటిలో నానబెట్టి నార తీస్తారు. అదే పైరు పచ్చిరొట్టగా నేలకు బలమిస్తుంది, పశువులకు మేతవుతుంది. కిత్తనార అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క, ఇక్కడ చేలకు కంచెగా నిలిచింది. నులక కుంగితే కాళ్లవైపు తాడు లాగి బిగించేవారు. తెగితే మళ్లీ అల్లేవారు. చట్రం మాత్రం అదే, తాత పడుకున్నదే మనవడికీ.

ఈ మన్నిక వెనక కర్ర గుణమే కాదు, ఊరి ఏర్పాటు కూడా ఉంది. విజయనగర కాలం నాటి ఆయగాళ్లలో, అంటే ఊరి సేవకులలో, వడ్రంగి ఒకడు. నాగలి, బండి పనికి ఏటా కళ్లంలో గింజలు కొలిచేవారు. వస్తువు లెక్కన కూలి లేనప్పుడు, మళ్లీ మళ్లీ విరిగే వస్తువు వడ్రంగికే బరువు. బాగుచేసి వాడుకునే అలవాటు అలా నాటుకుంది.

కలకడకు తూర్పున ఉన్న పాలకొండ, శేషాచలం కొండల ఎర్రచందనం కథ వేరు. తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే ఈ చెట్టుకు చేవ తేలాలంటే దశాబ్దాలు పడుతుంది. చైనా రాజాస్థానాల్లో జితాన్ పేరుతో మెరిసిన సామానుకు ఈ కలపే ప్రసిద్ధం. దూరదేశపు కోరిక ఈ అడవిని తొలిచేసింది. 1995లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు, దొంగ నరుకుడు మాత్రం ఆగలేదు.

ఇక ఇంటి సామానుకు వస్తే, కుర్చీ, బెంచీ కచేరీలతో, బడులతో వచ్చాయి. 1915లో అనీబీసెంట్ కళాశాల నెలకొల్పిన మదనపల్లె వంటి పట్టణాల నుంచి అవి మెల్లగా ఇళ్లకు పాకాయి. తర్వాత ఇనుప గొట్టాల మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు, రంపపు పొట్టును రసాయన జిగురుతో అదిమిన పలకల బీరువాలు వచ్చాయి. ఆ పలక నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మరలు ఊడితే మళ్లీ పట్టదు, అతుక్కీ లొంగదు.

పాత వేప చట్రాలు ఇప్పటికీ చాలా వాకిళ్లలో ఉన్నాయి. వాటికి అల్లిన నులక స్థానంలో ఎక్కువచోట్ల ప్లాస్టిక్ నవారు వచ్చింది.