అంగట్లో దొరకని ఆటలు: పాత ఫుట్‌బాల్ వీడియో గేములు

2023 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ తన పాత ఫుట్‌బాల్ గేములను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తొలగించింది. ఫిఫా 14 మొదలుకొని ఫిఫా 23 వరకు పదేళ్ల సంచికలు ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటికే కొన్నవారి ఖాతాలలో అవి నిలిచాయి. కొత్తగా కొనదలచినవారికి పాత డిస్కుల వేట తప్ప మరో దారి లేకపోయింది. గేమునే కాదు, అది ఆడిన వయసును కూడా వెతుక్కునేవారికి ఈ తొలగింపు కేవలం వ్యాపార వార్త కాదు.

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వీరిలో అధికులు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలీలు. 2001 జనగణన నాటికి 24 లక్షలున్న నగర జనాభా, పరిధి విస్తరణతో కలిపి, 2011 నాటికి 44 లక్షలు దాటింది. పన్నెండేసి గంటల షిఫ్టులు, ఇరుకు గదులు, వేసవి సెలవుల్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా ప్రయాణం: ఈ జీవితంలో పెరిగిన తరానిదీ, హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగిన తరానిదీ వీడియో గేముల విషయంలో మాత్రం ఒకటే అనుభవం. అసలు కంపెనీ పరికరం చాలామంది ఇళ్లకు చేరలేదు. చేరింది దాని నకలు.

1990లలో దేశమంతటా 'సమురాయ్', 'మీడియా', 'లిటిల్ మాస్టర్' పేర్లతో అమ్ముడుపోయినవి నింటెండో వారి ఎనిమిది బిట్ల యంత్రానికి నకళ్లు. అందులో పెట్టే కార్ట్రిడ్జిని పిల్లలందరూ 'క్యాసెట్' అన్నారు. అది పనిచేయకపోతే తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టేవారు. ఆ క్యాసెట్లలో దొరికిన ఫుట్‌బాల్ ఆటల్లో ఎక్కువమందికి గుర్తున్నది టెక్నోస్ జపాన్ సంస్థ 1990లో రూపొందించిన 'నింటెండో వరల్డ్ కప్'. జట్టుకు ఆరుగురే. ఆడేవారి చేతిలో ఉండేది ఒక్క ఆటగాడే; మిగిలినవారికి పాస్ ఇమ్మనో, గోల్‌కు కొట్టమనో ఆదేశించాలి. బంతి తగిలి పడిపోయినవాడు పడిపోయినట్టే ఉండేవాడు. ఫుట్‌బాల్ నియమాలతో దానికి పెద్దగా సంబంధం లేదు, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఐరోపాలో ఈ చరిత్ర కొంత భిన్నంగా నడిచింది. డినో డిని రూపొందించిన 'కిక్ ఆఫ్' 1989లో, 'సెన్సిబుల్ సాకర్' 1992లో వచ్చాయి. 1993 చివరలో వచ్చిన 'ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్' మైదానాన్ని ఏటవాలు కోణంలో చూపింది. దేశాల పేర్లు నిజమైనవే గాని ఆటగాళ్ల పేర్లు కల్పితాలు, వాటిలో కొన్ని గేము తయారు చేసినవారివే. ప్రత్యర్థి గోల్‌కీపర్ ఎదుట నిలబడితే అతడు తన్నిన బంతి తగిలి తిరిగి గోల్‌లోకి దూరేది. లోపమని తెలిసినా దాన్ని వాడుకోనివారు అరుదు. క్రీడాకారుల అసలు పేర్లు ఫిఫా 96 నుంచి కనిపించాయి.

ఆ వరుసలో భారతీయ పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది 'ఫిఫా: రోడ్ టు వరల్డ్ కప్ 98'. అందులో 172 జాతీయ జట్లు ఉండేవి. ఏ జట్టునైనా ఎంచుకుని అర్హత పోటీల నుంచి ప్రపంచకప్ దాకా ప్రయాణించవచ్చు. 1998 ప్రపంచకప్ అర్హత పోటీల్లో భారత్ నిజంగానే ఆడింది, తొలి దశలోనే వెనుదిరిగింది. తెర మీద అయితే ఆ ప్రయాణం అక్కడితో ఆగాల్సిన పని లేదు. ఆ గేము ఆరంభంలో వినిపించే బ్లర్ బృందం పాట 'సాంగ్ 2'ను ఆ బృందం పేరు తెలియకుండానే గుర్తుపట్టేవారు నేటికీ ఎందరో.

2000లో జపానులో విడుదలైన ప్లేస్టేషన్ 2 ఈ జ్ఞాపకాలకు కేంద్రం. ప్రపంచవ్యాప్తంగా 16 కోట్లు అమ్ముడైన ఈ యంత్రం మన ఊళ్లలో వీడియో గేమ్ పార్లర్ల రూపంలో సామాన్యులకు అందింది. గంటకు ఇంతని చెల్లించాలి, రెండు కంట్రోలర్లు, ఓడినవాడు లేచి మరొకరికి చోటివ్వాలి. ఇక్కడే అభిమానులు రెండు వర్గాలయ్యారు. ఒకటి ఫిఫా వర్గం, మరొకటి జపాను సంస్థ కొనామి తీసుకొచ్చిన 'ప్రో ఎవల్యూషన్ సాకర్' వర్గం. దీన్ని ఆసియాలో 'విన్నింగ్ ఎలెవెన్' అనేవారు. ఫిఫాలో గోల్‌కు కొట్టడానికి వృత్తం మీట నొక్కాలి. కొనామి ఆటలో చతురస్రం మీట. ఒకదానికి అలవాటుపడ్డ వేలు మరోదానిలో గోల్‌ముందు తడబడి బంతిని గాల్లోకి లేపేది. పార్లర్లలో తగాదాలకు ఈ ఒక్క కారణం చాలు.

కొనామికి లైసెన్సుల కొరత. లివర్‌పూల్ జట్టు కొన్ని సంచికల్లో 'మెర్సీసైడ్ రెడ్' పేరుతో కనిపించేది. అయినా పాస్‌లో, బంతి బరువులో, ఆటగాడి మలుపులో ఉన్న నిజం ముందు పేర్లలోని అబద్ధం చిన్నదైపోయింది. బ్రెజిల్ ఆటగాడు అడ్రియానో ఎడమకాలి దెబ్బ గురించి ఆ గేము ఆడినవారు ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. పేర్లను, జెర్సీలను సరిదిద్దే పని అభిమానులే తలకెత్తుకున్నారు. కంప్యూటరు సంచికలకు వారు తయారుచేసే 'ప్యాచ్'ల సంప్రదాయం నేటికీ ఆగలేదు. మరో శాఖ అయిన 'చాంపియన్‌షిప్ మేనేజర్'లో 2001-02 సంచిక పరిస్థితి కూడా అంతే. దాన్ని ప్రచురణకర్తలే తరువాత ఉచితంగా ఇచ్చేశారు. జట్ల తాజా వివరాలను అభిమానులు చేరుస్తూనే ఉన్నారు. పోర్చుగల్‌కు చెందిన ఒక సమాచార సేకర్త అందులో టో మడేరా అనే లేని ఆటగాణ్ణి చేర్చాడు. ఎందరో ఆ పేరును నమ్మి తమ జట్టులోకి తీసుకున్నారు.

జ్ఞాపకం సరే, ఆ వస్తువు ఎక్కడ ఉంది? అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం నేడు వాణిజ్యపరంగా దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. ఫుట్‌బాల్ గేములకు ఈ ముప్పు మరింత ఎక్కువ. క్లబ్బులు, లీగులు, క్రీడాకారులు, పాటలు: ప్రతిదానికీ వేరువేరు లైసెన్సులు, వేరువేరు గడువులు. ఒక్క ఒప్పందం ముగిసినా పాత సంచిక తిరిగి అమ్మడానికి పనికిరాదు. ఫిఫాతో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనుబంధం తెగిపోతున్నట్టు 2022 మేలో ప్రకటన వెలువడింది. ఆ తర్వాతి గేము 2023 సెప్టెంబరు 29న 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24' పేరుతో వచ్చింది. కొనామి అంతకు ముందే, 2021లో, తన ఆట పేరును 'ఈఫుట్‌బాల్'గా మార్చి ఉచితం చేసింది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు చట్టపరమైన కోణం ఒకటుంది. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతుల కోవలో చేరుస్తుంది. అంటే చట్టం దృష్టిలో ఫుట్‌బాల్ గేముకు, కావ్యానికి ఒకే వరుస. కాని ముద్రిత గ్రంథం ప్రతిని జాతీయ గ్రంథాలయాలకు పంపాలని చెప్పే 1954 చట్టం పుస్తకాలకు, వార్తాపత్రికలకే వర్తిస్తుంది. కావ్యానికి దక్కిన అల్మారా గేముకు లేదు. అందువల్ల నాటి నకలు సీడీలే, చట్టవిరుద్ధమైనవి అయినప్పటికీ, ఎన్నో సంచికలకు అనధికార భాండాగారాలుగా మిగిలాయి. ఇది ఇబ్బందికరమైన వాస్తవం.

వీడియో గేములపై ప్రభుత్వాల దృష్టి ఇన్నాళ్లూ నియంత్రణ మీదే ఉంది, అందుకు కారణాలూ ఉన్నాయి. 2019 మార్చిలో సూరత్, రాజ్‌కోట్‌లలో పబ్‌జీ ఆటను నిషేధిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదంలో 27 మంది మరణించగా గుజరాత్ అంతటా గేమ్ జోన్ల తనిఖీలు జరిగాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. పాత గేములను భద్రపరచడం వీటిలో వేటికీ సంబంధించిన విషయం కాదు.

సూరత్ నేత కుటుంబాలకు ఈ చర్చ మరీ దూరమైనదేమీ కాదు. జకార్డ్ మగ్గంపై చీర అంచు నమూనాను రంధ్రాలు చేసిన అట్టలు నడిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న ఆ పద్ధతే కంప్యూటర్ ప్రోగ్రాముకు పూర్వరూపాలలో ఒకటని చరిత్రకారులు చెబుతారు. అట్టల కట్ట పోతే ఆ నమూనాను మళ్లీ నేయడం ఎంత కష్టమో నేతగాళ్లకు తెలుసు.

తెలుగువారికి సంబంధించి మరొక సంచికను ప్రస్తావించాలి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌వాసి. ఆ నగరం పేరుతో ఉన్న క్లబ్బు తెర మీదికి రావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది విడుదలైన ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ మొదటిసారి చేరింది, దానితోపాటే పసుపు జెర్సీల హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి లీగ్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి ఏడాదే ఫిఫా 22 ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తొలగిపోయింది. 2025లో క్లబ్బు కూడా హైదరాబాదును వీడి ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.