కావలి లక్ష్మయ్య కొలువు

“ఉద్యోగము పురుషలక్షణ”మను మాట మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. సంస్కృతమున నుద్యోగమనగా ప్రయత్నము. నెల తిరుగగనే జీతము తెచ్చు పని యను నర్థమును తెలుగున మనము గట్టిపఱచుకొంటిమి. అందుచేతనే, ఏండ్ల తరబడి చేసిన కొలువు హఠాత్తుగా పోయినవానిని చూచి, వానియందిక నేమియు మిగులలేదని లోకము తలచును. ఇట్టి యవస్థపాలైన తెలుగువా డొకని చరిత్రమును మేమిచ్చట స్మరించుచున్నాము.

ఏలూరికి చెందిన కావలి వేంకట బొఱ్ఱయ్య, కర్నల్ కాలిన్ మెకంజీకడ ముఖ్యసహాయుడై యుండి, 1803లో చిన్నవయసుననే మరణించెను. ఆ స్థానము సోదరుడగు లక్ష్మయ్యకు వచ్చెను. అది మొదలు 18 ఏండ్లు గ్రామకరణముల కవిలెలను, శాసనముల ప్రతులను, వంశావళులను ఊరూర సేకరించువారిని నడపుటయు, వారు పంపిన వానిని పరిశీలించి యింగ్లీషులోనికి మార్పించుటయు నాతని పనియయ్యెను. మన చరిత్రకారు లిప్పటికిని తడవిచూచు కైఫీయతులలో పెక్కు లా శ్రమకు ఫలములే. 1817లో మెకంజీతో నాతడును కలకత్తాకు తరలెను. 1821 మే 8వ తేదీన మెకంజీ గతించెను. ప్రభుత్వము లక్షరూపాయలిచ్చి యా సంగ్రహమును కొనెను. దానిని కూర్చినవారి కొలువుమాత్రము నిలువలేదు.

లక్ష్మయ్య మదరాసునకు మరలి, అచ్చటి హిందూ సాహిత్యసంఘమునకు పెద్దయయ్యెను. ఆగిపోయిన పరిశోధనమును తానే సాగించెదనని ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. చేయి చాచినది పని కొఱకని పాఠకులు గమనింతురుగాక. ఆ విన్నపము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ యభిప్రాయమునకు పోగా, 1836లో జేమ్సు ప్రిన్సెప్, అట్టి కార్యమునకు లక్ష్మయ్యయే కాదు, స్వదేశీయు డెవ్వడును చాలడని వ్రాసెను. ఆ పని విలియం టెయిలరను పాదరీకి దక్కెను. ఆ ప్రిన్సెప్ తాను శాసనములు చదువుటలో కమలాకాంత విద్యాలంకారుని వంటి పండితుల సాయము గొన్నవాడే!

ఇందు జాతిగర్వమున్నదనుట స్పష్టము. కాని మఱియొక కారణమును మాకు తోచుచున్నది. పనియంతయు యజమాని పేర సాగినచోట, యజమాని పోవగనే పనివాని నేర్పునకు సాక్షి లేకపోవును. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికకు ఆధారములు ఈ సహాయులు వ్రాసిన సంక్షేపములే. విల్సనునకు దక్షిణదేశ భాషలు రావు. అయినను గ్రంథకర్త విల్సనే. నేడును కచేరీలలో నిరువదియేండ్లు చిత్తులు వ్రాసి, చేవ్రాలు మాత్రము పైవారిదైన గుమాస్తాలను మే మెఱుగుదుము. కొలువు పోయిననాడు వారికి చూపుకొనుటకు కాగితమైన నుండదు.

అదే యింటివాడైన కావలి వేంకట రామస్వామి వేఱొక త్రోవ పట్టెను. ఇతడును మెకంజీకడ పనిచేసినవాడే. దక్కను పట్టణములనుగూర్చి 1828లోను, దక్కను కవులనుగూర్చి 1829లోను ఇంగ్లీషున గ్రంథములు వ్రాసి ప్రకటించెను. వాని ముఖపత్రములపై నున్నది రామస్వామి పేరే.