చెవులు తీసేసిన గోపురం

కబుర్లు చేరవెయ్యడంలో మన పిట్టగోడల తర్వాత చెప్పుకోవలసినవి మైక్రోవేవ్ గోపురాలే నంటాను నేను. మైక్రోవేవ్ అంటే వంటింట్లో పెట్టె ఒక్కటే కాదండోయ్! ఆ తరంగాల మీదే ఒకప్పుడు ఫోను మాటలూ, టీవీ బొమ్మలూ ఊళ్ళు దాటేవి. అవి తిన్నగా పోతాయే తప్ప ఒంపులు తిరగలేవు. మేడ అడ్డొచ్చిందా, కబురు అక్కడితో సరి! అందుకే ఎత్తుగా గోపురాలు కట్టి, ఒకదాన్నించి మరోదానికి అందిస్తూ పోయేవారు.

లండన్‌లోని పోస్టాఫీసు టవర్ అలాంటిదే. 1965 అక్టోబరు 8న ప్రధాని హెరాల్డ్ విల్సన్ బర్మింగ్‌హామ్ లార్డ్ మేయరుకి ఫోన్ చేసి దాన్ని ప్రారంభించాడు. ఎత్తు 177 మీటర్లు. గుండ్రంగా ఎందుకు కట్టారంటారా? సోకుకి కాదు. గాలికి ఎక్కువగా ఊగితే తరంగం గురి తప్పుతుంది మరి! 34వ అంతస్తులో మెల్లగా తిరిగే హోటలు కూడా పెట్టారు. అది 1980లో మూతబడింది.

గాజు తీగలొచ్చాక గోపురానికి పని తగ్గింది. 2003లో రక్షిత కట్టడంగా ప్రకటించారు. అయినా పాతబడ్డాయని, ప్రమాదమని, 2011లో పళ్ళేల్లాంటి ఏంటెన్నాలు అనుమతితోనే విప్పేశారు. 2024లో గోపురాన్ని హోటలు చేస్తామన్నవాళ్ళకి అమ్మేశారు.

అమ్మమ్మ తిరగలి మీద పూలకుండీ పెట్టుకుంటామే, అల్లాగన్నమాట. పారెయ్యడం కంటే నయమే. కానీ అది పిండి విసిరిన రాయని పిల్లలకి చెప్పేవాళ్ళుండాలి కదా! రేపు ఆ హోటల్లో దిగేవాళ్ళకి ఒక్క ఏంటెన్నా చూపించి, “ఇదీ ఈ గోపురం చెవి” అని చెబితే ఎంత బాగుండును!