పెట్రోలు బొమ్మకారు – దాని బంధుకోటి

శామీర్‌పేట దాటి కరీంనగరపు బాటను కొంత దూరము పోయినచో తుర్కపల్లి వచ్చును. ఔషధ పరిశోధనాలయముల మూలమున ఆ యూరి పేరు నేడు దేశాంతరములకు ప్రాకినది. మన పల్లెలలో సేద్యము చేయువారు మరియొక యంత్రవిద్యను ఎరుగుదురు. వీపున తగిలించుకొని పైరుపై మందు చల్లు తైవాన్ స్ప్రేయరు, గట్లపై గడ్డి కోయు యంత్రము వారికి చిరపరిచితములు. వీని ఇంజనుకును, రేడియోతో నడపు పెట్రోలు బొమ్మకారునకును దగ్గరి చుట్టరికము కలదు. అది ఎట్లు కలిసినదో మనవి చేయుదుము.

ఇందు రెండు కథలున్నవి. రేడియో కథ ముందు పుట్టినది. 1898లో న్యూయార్కునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా చిన్న పడవను నీటితొట్టిలో నిలిపి, తీగ లేకుండ దూరమునుండి నడిపి చూపెను. హైదరాబాదున నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో ఆరంభమైనది 1935లో. మన యిండ్లలో పాట వినిపించుటకు 37 ఏండ్లు ముందే తరంగము చుక్కాని పట్టినదన్నమాట!

ఇంజను కథ వేరు. 1930లలో అమెరికాలో నమూనా విమానములకై పిడికిలిలో ఇముడు పెట్రోలు ఇంజనులు వెలసినవి. ఆ దశాబ్దము చివర కాలిఫోర్నియా ఔత్సాహికులు వానిని చిన్న కార్లకు బిగించిరి. అయితే నడుపుటకు పగ్గము లేదు. నడుమ గుంజ పాతి, కారును తీగతో దానికి కట్టి, గానుగెద్దు వలె గుండ్రముగ త్రిప్పెడివారు. 1940లలోనే కొన్ని కార్లు గంటకు 100 మైళ్లు మించి పరుగెత్తినవి.

పెట్రోలు మండుటకు నిప్పురవ్వ కావలెను. దానికై కాయిలు, కండెన్సరు, బ్యాటరీ మోయవలెను. 1947లో రే ఆర్డెన్ అను అమెరికను విపణికి తెచ్చిన గ్లోప్లగ్గు ఈ బరువును దింపినది. అందలి ప్లాటినపు తీగ ఒకసారి ఎర్రగ కాలినచో, మిథనాలు ఆవిరి సోకినంత కాలము ఆరకుండును. ఇంజను అరగకుండుటకు ఇంధనములో నూనె కలపవలెను. ఖనిజ తైలము మిథనాలులో కలియదు, ఆముదము కలియును. మన తెలంగాణ చెలకలలో పండు ఆముదమే ఆ ఇంజనులకు చిరకాలము ప్రాణాధారము. జనులు పెట్రోలు కార్లని పిలుచు వానిలో అనేకము నిజమునకు ఈ మిథనాలు కార్లే. వానిలో పెట్రోలు పోసినచో నడువవు.

ట్రాన్సిస్టరు వచ్చి గ్రాహకయంత్రము చిన్నదైన పిదప రెండు కథలు ఒకటైనవి. 1966లో ఇటలీకి చెందిన ఎల్‌-జీ సంస్థ రేడియో కారు అమ్మకమునకు వచ్చినది. అది విద్యుత్తుతో నడచునది. అనతికాలములోనే మిథనాలు కార్లును రేడియో ఆజ్ఞకు లోబడినవి.

పెట్రోలు మరల వచ్చినది పొలముల దారిన! గడ్డికోత, చెట్లకోత యంత్రములలో చక్రమునకు అమర్చిన అయస్కాంతమే రవ్వను పుట్టించును, బ్యాటరీతో పని లేదు. జపానుకు చెందిన జెనోవా కంపెనీవారి ఇట్టి 23 ఘనపు సెంటీమీటర్ల ఇంజనును, అసలు కారులో అయిదవ వంతు కొలతగల పెద్ద బొమ్మకార్లకు అమర్చిరి. 25 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు నూనె. పాత స్కూటరు నడిపిన వారికి ఈ లెక్క క్రొత్త కాదు.

రేడియో పెట్టెకు లైసెన్సు కట్టిన కుటుంబములకు మరియొక ముచ్చట. 1933 నాటి చట్టము ప్రకారము వైర్‌లెస్ సాధనము ఉంచుకొనుటకే అనుమతి కావలసియుండెను. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములపై పనిచేయు అల్పశక్తి సాధనములకు 2005లో ఆ నిర్బంధము తొలగినది. నేటి బొమ్మకార్లలో పెక్కింటికి ఆ తరంగములే ఆధారము.

ఇప్పుడు లిథియం బ్యాటరీ కార్లు వేగమున ముందున్నవి. వానికి పొగ లేదు, రొద లేదు. అయితే మ్రోత విని కార్బ్యురేటరు మర సవరించు చెవి, చేయి ఈ మార్పులో మరుగుపడు ప్రమాదము కలదు. ఆ విద్య స్ప్రేయరు బాగుచేయు పల్లె మెకానిక్కు వద్ద నేటికిని జీవించియున్నది. పెద్ద పెట్రోలు కారు బరువైనది, మండు ఇంధనము మోయునది. జనసంచారమున్న బాటపై దానిని నడపరాదు. పిల్లవాడు కారు కావలెనని మారాము చేసినప్పుడు, తల్లిదండ్రులు ముందుగా వానిని ఆ మెకానిక్కు కొట్టునకు ఒక పూట పంపుదురుగాక. బొమ్మ కొనుట ఆ తరువాతి మాట.